నడుముకు వ్యాయామం: కాగితం చూసి చేయాలా, ఫోన్ చూసి చేయాలా?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో అట్టపెట్టెలు, గోనెసంచులు, తాళ్లు బయటికి వస్తాయి. బీరువా జరపడం, బియ్యం డబ్బా ఎత్తడం, పుస్తకాల పెట్టెలు మెట్లు దింపడం అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే జరుగుతాయి. అందుకే మన కుటుంబాల్లో "నడుం పట్టేసింది" అనే మాట తరచుగా వినిపిస్తుంది. చాలామందికి అది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి దిగుతుంది. పరీక్ష చేసిన డాక్టరుగారు "డిస్క్ సమస్య. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఇంట్లో వ్యాయామాలు చేయండి" అంటారు. ఫిజియోథెరపిస్టు బొమ్మలున్న కాగితం ఒకటి చేతికిస్తారు, లేదా ఫోన్‌కు వీడియో లింకు పంపుతారు.

ఈ రెండింటిలో ఏది మేలు? నాలుగు వైపులా సముద్రం ఉన్న ఈ దీవుల్లో ఉంటూ, కొన్నేళ్లకోసారి ఊరు మారే మనకు ఇది చిన్న ప్రశ్న కాదు. క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) ఓడలో రావాలంటేనే ఒక రోజుకు పైగా పడుతుంది. అక్కడి నుంచి చెన్నైకో విశాఖపట్నానికో ఓడలో వెళ్లాలంటే దాదాపు మూడు రోజులు. నడుం నొప్పితో అంత ప్రయాణం తప్పాలంటే ఇంట్లో చేసే వ్యాయామం సరిగ్గా సాగాలి.

డిస్క్ నిజంగా జారుతుందా?

"డిస్క్ జారింది" అని అందరూ అంటారు గాని, డిస్క్ పళ్లెంలా జారిపోయే వస్తువు కాదు. వెన్నుపూసల మధ్య మెత్తల్లా 23 డిస్కులు ఉంటాయి. ప్రతి డిస్క్ తన పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాని బయటి భాగం పొరలు పొరలుగా అల్లుకున్న గట్టి నార. లోపలి భాగం నీరు ఎక్కువగా ఉండే మెత్తని గుజ్జు.

పూర్ణం బూరెను ఒక పక్క నొక్కి చూడండి. లోపలి పూర్ణం రెండో పక్కకు తోసుకొస్తుంది. మనం నడుము వంచి ముందుకు వాలి బరువెత్తినప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. డిస్క్ ముందు భాగం నొక్కుకుని, గుజ్జు వెనక్కి తోసుకుంటుంది. ఆ వెనకే నరాలున్నాయి. నార బలహీనపడిన చోట డిస్క్ ఉబ్బి నరాన్ని ఒరుసుకుంటే నొప్పి కాలిలోకి పాకుతుంది. దీన్నే సయాటికా అంటారు. నడుములోని ఐదు పూసల్లో అడుగున ఉన్న రెండు డిస్కులకే ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే పై శరీరం బరువంతా అక్కడే పడుతుంది. కాలి నొప్పికి డిస్కే కారణం కావచ్చని అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ 1934లో ప్రచురించిన వ్యాసంతో వైద్యలోకానికి బాగా తెలిసింది.

సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, బయటికి వచ్చిన గుజ్జును చాలాసార్లు శరీరమే మెల్లగా పీల్చేసుకుంటుంది. ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గుతుంది. ఒకప్పుడు వారాల తరబడి మంచం దిగవద్దనేవారు. ఇప్పుడు వైద్యులు ఓర్చుకోగలిగినంత మేరకు కదులుతూ ఉండమంటున్నారు. వ్యాయామం చేసే మేలు కూడా అదే: కదలికను తిరిగి తేవడం, నడుముకు ఆసరాగా ఉండే కండరాలకు బలం ఇవ్వడం, కదిలితే ఏమవుతుందోనన్న భయం పోగొట్టడం.

కాగితంలో ఉన్న సుగుణం

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ 1956లో ఒక వింత గమనించారు. కాలి నొప్పితో వచ్చిన ఒక రోగి, తల వైపు ఎత్తి ఉన్న బల్లపై బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగిన స్థితిలో కొన్ని నిమిషాలు ఉండిపోయాడు. లేచేసరికి కాలి నొప్పి తగ్గింది. ఆ తర్వాత మెకంజీ ఎందరినో పరీక్షించి, నొప్పి కాలి నుంచి నడుము వైపు వెనక్కి వస్తే అది మంచి గుర్తు అని చెప్పారు. రోగి తన నడుమును తానే చూసుకోగలగాలన్నది ఆయన పట్టుదల. అందుకే 1980లో "ట్రీట్ యువర్ ఓన్ బ్యాక్" అనే చిన్న పుస్తకం రాశారు. బొమ్మలు చూసి ఇంట్లో వ్యాయామం చేసే పద్ధతికి ఆ పుస్తకం ఎంతో పేరు తెచ్చింది.

కాగితానికి కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. గోడకు అంటిస్తే రోజుకు పదిసార్లు కంటపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఫిజియోథెరపిస్టు దాని మీద పెన్నుతో మార్పులు చేయగలరు. "ఇది వద్దు, ఇది పదిసార్లు, ఇది వచ్చే వారం నుంచి" అని రాసిస్తే ఆ కాగితం ఒక్క మనిషి కోసమే తయారైనట్టు.

లోపం కూడా ఉంది. బొమ్మ కదలదు. ఎంత మెల్లగా లేవాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో, నడుము ఎంతవరకు వంచాలో బొమ్మలో తెలియదు. పైగా ఆ కాగితం ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. మన ఇళ్లలో నాయనమ్మకో అమ్మమ్మకో ఆ రెండు భాషలూ చదవడం రాకపోవచ్చు. ఇక్కడి వానల తేమకు కాగితం మెత్తబడి చిరిగిపోవడం మనందరికీ తెలిసిందే.

ఫోన్‌లో ఉన్న సుగుణం

దూరం నుంచి వైద్యం అందడం అండమాన్‌కు కొత్త కాదు. 2000ల తొలి సంవత్సరాల్లోనే ఇస్రో ఉపగ్రహ సంబంధంతో ఇక్కడి జి.బి. పంత్ ఆసుపత్రిని చెన్నైలోని ఆసుపత్రి వైద్యులతో కలిపారు. అయితే ఇంటింటా వీడియో చూడటానికి ఉపగ్రహం వేగం చాలేది కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. ఇప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే ఈ-సంజీవనిలో ఇంటి నుంచే డాక్టరుగారితో మాట్లాడవచ్చు.

వీడియోలో కదలిక కనబడుతుంది, వేగం తెలుస్తుంది, మాట వినబడుతుంది. చదువు రానివారికి కూడా అర్థమవుతుంది. కాని బోర్లా పడుకుని చేసే వ్యాయామంలో మాటిమాటికీ మెడ తిప్పి ఫోన్ చూస్తే శరీరం మెలికపడుతుంది. ఒక వీడియో అయిపోగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది. ఆ రెండోది మన నడుముకు పనికొచ్చేదో కాదో ఎవరికి తెలుసు?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. డిస్క్ ఉబ్బినవారిలో చాలామందికి నడుము వెనక్కి వంచితే హాయిగా ఉంటుంది. వయసుతో వెన్నులోని నరాల దారి ఇరుకైనవారికి అదే కదలిక నొప్పిని పెంచుతుంది. ఇద్దరూ చెప్పే మాట మాత్రం "నడుం నొప్పి" అనే. కనుక పక్కింటివారు పంపిన వీడియో ఎంత బాగున్నా, అది మన ఇంట్లో మనిషిని పరీక్షించి ఇచ్చింది కాదు.

అడిగేవాళ్లు ఉండాలి

2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు 80 మందితో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. సగం మందికి కాగితం మీద, మిగిలిన సగానికి ఫోన్ యాప్‌లో ఇంటి వ్యాయామాలు ఇచ్చారు. నాలుగు వారాల తర్వాత చూస్తే యాప్ ఉన్నవారే ఎక్కువ క్రమంగా చేశారు. అయితే వారికి యాప్ ఒక్కటే ఇవ్వలేదు. మధ్యమధ్య ఫోన్ చేసి పలకరించారు, ప్రోత్సహిస్తూ సందేశాలు పంపారు. అంటే "చేస్తున్నారా? ఎలా ఉంది?" అని అడిగే మనిషి కూడా ఉన్నారన్నమాట.

మాకు ఇందులో అర్థమైంది ఇది. నొప్పి కాస్త తగ్గగానే పెద్దవాళ్లు వ్యాయామం మానేస్తారు. డ్యూటీ, వంట, మార్కెట్ అడ్డొస్తాయి. కాగితం గాని ఫోన్ గాని "ఎందుకు మానేశారు?" అని నిలదీయదు. ఆ పని మనం చేయగలం. ఎలాగంటే:

1. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు చేయించేటప్పుడు, వారి అనుమతి తీసుకుని, అమ్మో నాన్నో చేస్తుండగా మన ఫోన్‌లోనే వీడియో తీయండి. నెట్ లేకపోయినా అది ఆడుతుంది. అది ఆ నడుముకే చెందిన వీడియో.

2. కాగితం మీద ప్రతి బొమ్మ కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: ఎన్నిసార్లు, ఏ పూట, ఎప్పుడు ఆపాలి. ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకు తగిలించండి.

3. క్యాలెండరులో రోజూ గుర్తు పెట్టండి. పక్కనే "కాలు" అనో "నడుము" అనో నొప్పి ఎక్కడుందో రాయండి. నొప్పి కాలిలోకి ఇంకా కిందికి దిగుతుంటే వ్యాయామం ఆపించి ఫిజియోథెరపిస్టును అడగండి.

4. కొత్త వ్యాయామం మనం చెప్పకూడదు. అడగడం, లెక్కపెట్టడం, గుర్తుచేయడం వరకే మన పని.

5. బదిలీ అయితే ఆ కాగితం, క్యాలెండరు పేజీలు, స్కాన్ రిపోర్టు ఓడలో వచ్చే సామానులో వేయవద్దు. చేతిసంచిలో పెట్టండి. సామాను చేరడానికి వారాలు పట్టినా, కొత్త ఊరిలో ఫిజియోథెరపిస్టు వాటిని చూసి ఆగిన చోటి నుంచే మొదలుపెట్టగలరు.

వ్యాయామం కాదు, ఆసుపత్రి

కొన్ని గుర్తులు కనబడితే కాగితం, ఫోన్ రెండూ పక్కన పెట్టాలి. మూత్రం, మలం పట్టు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి ఎత్తలేకపోవడం, నడుం నొప్పితో జ్వరం రావడం, పడిపోయిన తర్వాత తీవ్రమైన నొప్పి రావడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు. దీవుల్లో పెద్దాసుపత్రి దూరం కనుక ఈ జాబితాను వ్యాయామాల కాగితం వెనక రాసి పెట్టండి.

కాబట్టి కాగితమా, ఫోనా అంటే రెండూ ఉండనివ్వండి. కదలిక నేర్చుకోవడానికి వీడియో, రోజూ గుర్తుండటానికి కాగితం. సాయంత్రం హోంవర్కుకు కూర్చునే ముందు ఒక్క మాట అడగండి: "నాన్నా, ఇవాళ వ్యాయామం చేశారా? నొప్పి ఎక్కడుంది?" జవాబు విని క్యాలెండరులో రాసేయండి. దానికి పట్టేది అర నిమిషమే.