అంబాసిడర్ డీజిల్ vs మారుతి 800: పవర్ ఒకటే, డ్రైవింగ్ వేరే!

ఫోన్ కొనేటప్పుడు మనం ముందుగా చూసేది ప్రాసెసర్. కానీ ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు ఫోన్లు ఒకేలా పనిచేయవు కదా? పాత కార్లలో దీనికి బెస్ట్ ఉదాహరణ ఈ జోడీ. 1489 సీసీ అంబాసిడర్ డీజిల్, 796 సీసీ మారుతి 800... రెండింటి పవర్ సుమారు 37 బీహెచ్‌పీనే! మరి తేడా ఎక్కడ? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోడ్ల మీద రెండూ నడిపాను కాబట్టి వివరంగా చెప్తాను.

పర్ఫామెన్స్

అసలు విషయం బరువు. మారుతి దాదాపు 650 కిలోలు, అంబాసిడర్ 1,100 కిలోలకు పైనే. అంటే టన్నుకు మారుతికి సుమారు 57 బీహెచ్‌పీ, అంబాసిడర్‌కు 33 మాత్రమే. అందుకే ఎర్రవల్లి దగ్గర హైవే ఎక్కగానే 800 చకచకా వెళ్తుంది. అంబాసిడర్ నిదానంగా అందుకుంటుంది.

కానీ ఐదుగురు ఎక్కితే? 300 కిలోలు కలిపి లెక్క వేయండి. మారుతి తన బలంలో మూడో వంతు కోల్పోతుంది, అంబాసిడర్ ఐదో వంతే. పైగా డీజిల్ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది. పెళ్లిళ్లకు అంబాసిడర్‌నే అడిగేవాళ్లంటే ఊరికే కాదు మరి.

హ్యాండ్లింగ్

వనపర్తి బజార్‌లో తిప్పడానికి మారుతి సూపర్. టర్నింగ్ రేడియస్ 4.4 మీటర్లే. నడిగడ్డ పల్లెల్లో గుంతల రోడ్డు వస్తే మాత్రం దాని 12 అంగుళాల చక్రాలు ప్రతి గుంతనూ మనకు చెప్తాయి. అంబాసిడర్‌కు 15 అంగుళాల చక్రాలు, వెనక లీఫ్ స్ప్రింగులు. కుదుపు తక్కువే కానీ మలుపుల్లో బాడీ బాగా ఒరుగుతుంది, స్టీరింగ్ కూడా బరువు.

ఘాట్‌లో జాగ్రత్త!

మన్ననూర్ దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడే అసలు పరీక్ష. ఒకే స్పీడ్‌లో ఉన్నా, అంబాసిడర్‌ను ఆపడానికి బ్రేకులు మారుతి కంటే సుమారు 1.7 రెట్లు ఎక్కువ శక్తిని వేడిగా మార్చాలి. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. అందుకే ఏ గేర్‌లో ఎక్కుతారో అదే గేర్‌లో దిగండి. న్యూట్రల్ మాత్రం అస్సలు వద్దు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ రెండింట్లోనూ లేవని గుర్తుపెట్టుకోండి.

ఏది తీసుకోవాలి?

రెండింటి ఉత్పత్తీ 2014లోనే ఆగిపోయింది. ఆర్‌సీ గడువు 15 ఏళ్లు కాబట్టి చివరి బండ్లకు కూడా 2029 వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసై రెన్యువల్ చేయించాలి. కొనే ముందు ఆర్‌సీ, బ్రేకులు, అడుగున తుప్పు తప్పకుండా చూడండి.

రోజూ టౌన్‌లో తిరగడానికైతే నా ఓటు మారుతి 800కే. పార్టులు దొరకడం కూడా ఈజీ. వెతికి పార్టులు తెప్పించుకునే ఓపిక, ఇంటిల్లిపాదితో నిదానంగా వెళ్లే ఇష్టం ఉంటే అంబాసిడర్. ఘాట్ ప్లాన్ ఉంటే మాత్రం, ఏది కొన్నా ముందు మెకానిక్‌తో బ్రేకులు విప్పించి చూడండి.