కాళ్లు ఎందుకు మొరాయించాయి?

అది 1982 ఫిబ్రవరి నెల. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయీ దీవిలో చీకటి పడింది. ఒక పోటీలో స్త్రీలందరికన్నా ముందున్న జూలీ మాస్ అనే 23 ఏళ్ల యువతి ముగింపు గీత వైపు వస్తున్నది. గీత కనబడుతూనే ఉంది. అంతలో ఆమె కాళ్లు తడబడ్డాయి. కూలిపోయింది. లేచింది, మళ్లీ పడింది. చివరకు చేతుల మీద, మోకాళ్ల మీద పాకసాగింది. గీతకు కొద్ది గజాల దూరంలో ఉండగా కాథ్లీన్ మెకార్ట్నీ వెనుకనుంచి వచ్చి ఆమెను దాటి గెలిచింది. మాస్ పాకుతూనే వెళ్లి గీతను చేరుకున్నది. ఇద్దరి మధ్య తేడా 29 సెకన్లు!

వింత ఏమిటంటే, మాస్ వ్యాయామ శరీరశాస్త్రం చదివే విద్యార్థిని. తన చదువులో భాగంగానే ఆ పోటీకి వచ్చింది. మరి ఆమె కాళ్లు ఎందుకు మొరాయించాయి?

ఒకే రోజు మూడు పోటీలు

ఈ పోటీ పేరు ఐరన్‌మాన్, అంటే ఉక్కుమనిషి. ఈతగాడు, సైకిలు పందెగాడు, పరుగుపందెగాడు - వీరిలో ఎవరి దేహం దృఢమైనదన్న వాదంలోంచి ఇది పుట్టింది. అమెరికా నౌకాదళంలో పనిచేస్తున్న జాన్ కాలిన్స్ మూడింటినీ కలిపేద్దామన్నాడు. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, వెంటనే 180 కిలోమీటర్ల సైకిలు ప్రయాణం, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. 1978లో జరిగిన తొలి పోటీలో 15 మంది దిగగా 12 మంది పూర్తిచేశారు. నెగ్గిన గోర్డన్ హాలర్‌కు పన్నెండు గంటలకు కాస్త తక్కువ పట్టింది.

ఇలాంటి పోటీకి తయారయ్యేవారు వారంలో మిగతా రోజులు చదువుకో, ఉద్యోగానికో పోవలసినవారే. అందుచేత సుదీర్ఘమైన సాధనకు శని, ఆదివారాలనే ఎంచుకుంటారు. అలాంటి రెండు రోజులను గమనిద్దాం.

శనివారం: వేడితో పోరు

తెల్లవారగానే సైకిలు. నాలుగైదు గంటలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. మన దేహయంత్రం ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పెడలు తిప్పడానికి ఉపయోగపడుతుంది. మిగిలినదంతా ఉష్ణమే!

ఒక చిన్న లెక్క చేద్దామా? సైకిలు తొక్కే మనిషి గంటకు 600 కిలోకేలరీలు ఖర్చుచేస్తున్నాడనుకోండి. అందులో 450 దాకా వేడిగా మారుతాయి. 60 కిలోల బరువున్న శరీరం ఒక్క డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 50 కిలోకేలరీలు చాలు. ఆ వేడి బయటకు పోకపోతే గంటలో ఉష్ణోగ్రత 9 డిగ్రీలు పెరగాలి. 37 నుంచి 46కు! ప్రాణం నిలుస్తుందా?

కాపాడేది చెమట. మట్టికుండలో నీరు చల్లబడినట్లే, చెమట ఆవిరవుతూ చర్మం నుంచి వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కాని గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆవిరి కాదు, కారిపోతుంది. కారిపోయిన చెమట వల్ల ఒళ్లు చల్లబడదు, నీరు మాత్రం నష్టం.

అలాగని దాహం లేకపోయినా కడుపునిండా నీళ్లు పడుతూ పోవడం మంచిదా? కాదు. రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. అది కూడా ప్రాణాపాయమే. ఎంత తాగాలో, ఎప్పుడు తాగాలో సాధన రోజుల్లోనే నేర్చుకోవాలి.

సైకిలు దిగీ దిగగానే కొంతదూరం పరుగెత్తుతారు. మొదట కాళ్లు తమవి కానట్లు, మొద్దుబారినట్లు ఉంటాయి. సైకిలు మీద శరీర భారాన్ని సీటు మోస్తుంది. పరుగులో ప్రతి అడుగూ నేల తాకినప్పుడు కాలిమీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది. ఈ మార్పుకు కండరాలు, నరాలు అలవాటుపడాలి.

ఆదివారం: అలసిన కాళ్లతో

మర్నాడు రెండు గంటలకు పైగా పరుగు. నిన్నటి అలసట తీరకముందే ఎందుకు? పోటీ రోజు పరుగు మొదలయ్యేది అలసిన కాళ్లతోనే కదా!

ఇక్కడే ఇంధనం సంగతి వస్తుంది. మనం తిన్న పిండిపదార్థాలు గ్లైకోజెన్ రూపంలో కండరాలలోను, కాలేయంలోను నిలవ ఉంటాయి. మొత్తం 400-500 గ్రాములు. గ్రాముకు 4 చొప్పున 2000 కిలోకేలరీలు మించదు. ఐరన్‌మాన్ పూర్తిచేయడానికి దీనికి ఎన్నో రెట్లు కావాలి. కొవ్వు మాత్రం కిలోల కొద్దీ ఉంది, గ్రాముకు 9 కిలోకేలరీలు ఇస్తుంది. అయితే అది నెమ్మదిగా మండే కట్టె. వేగం కావాలంటే గ్లైకోజెన్ ఉండాలి. అది అయిపోయి, రక్తంలో గ్లూకోజు తగ్గి, ఒంట్లో నీరు కూడా ఇంకిపోతే ఎంతటి పట్టుదల ఉన్నా కాళ్లు మాట వినవు. మన ప్రశ్నకు జవాబు ఇదే.

ఒంటికాలి ప్రయోగం

1966లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రామ్, హల్ట్‌మన్ తమమీదే ఒక ప్రయోగం చేసుకున్నారు. ఒకే సైకిలును చెరో పక్క నుంచి ఒంటికాలితో, ఇక తొక్కలేమనేదాకా తొక్కారు. సూదితో తొడ కండరాల నుంచి కొద్ది ముక్కలు తీసి చూస్తే, పనిచేసిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు లేదు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిని విశ్రాంతి తీసుకున్నారు. ఏమైంది? అలసిన కాలిలో గ్లైకోజెన్ రెండో కాలికన్నా సుమారు రెట్టింపు చేరింది! తిండి ఒకటే, రక్తం ఒకటే. ఖాళీ అయిన కొట్టే ఎక్కువ నింపుకున్నది.

మరుసటి ఏడాది, 1967లో, అమెరికాలో జాన్ హాలోజీ ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించాడు. ప్రాణవాయువును వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల సామర్థ్యం వాటి కండరాలలో దాదాపు రెట్టింపైంది. సాధన చేసినవారు కొవ్వును ఎక్కువగా వాడుకుని గ్లైకోజెన్‌ను పొదుపు చేయగలిగేది ఇందువల్లనే.

ఒక్క మాట గమనించారా? కొట్టును ఖాళీ చేసేది వ్యాయామం. నింపేది తిండి, విశ్రాంతి, నిద్ర. సోమవారం విశ్రాంతి కూడా సాధనలో భాగమే. అది మానేసినవాడికి బలం పెరగదు, గాయాలు పెరుగుతాయి.

మీ వయస్సులో ఇంత దూరాల జోలికి పోనక్కరలేదు. ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. ఈతకు ఒంటరిగా దిగవద్దు. ఎండ ముదిరాక పరుగెత్తవద్దు. కాని ఆటలో అలసి కూర్చున్నప్పుడు చెమట ఎందుకు పట్టిందో, ఆకలి ఎందుకు వేస్తున్నదో ఆలోచించండి. జూలీ మాస్ పాకుతూ చేరిన ఆ కొద్ది గజాలలో ఉన్న పాఠమే మీ ఒంట్లోనూ ఉంది.