కవలలు పుట్టిన ఇంట పెద్దబిడ్డ

ఒకే కాన్పులో ఇద్దరు బిడ్డలు పుట్టినారనగానే ఇల్లంతా సంబరపడును. చుట్టపక్కాలు వచ్చి, ఎవరు ముందు పుట్టినారు, ఎవరిది తండ్రి పోలిక అని ముచ్చటించుకొందురు. ఆ ఇంట అప్పటికే ఏడాదిన్నర, రెండేండ్ల బిడ్డ యొకడున్నచో, వానిని గురించి అడుగువారు అరుదు. ఈ వ్యాసమున కవలల పెంపకమును గురించి చెప్పదలచినాను గాని, ముందుగా ఆ పెద్దబిడ్డను గురించి చెప్పుట న్యాయము. పల్నాటి ప్రాంతమున నా వైద్యవృత్తిలో చూచినంతవరకు, కవలలున్న ఇంట ఎవరి కంటా పడకుండ చిక్కిపోవునది తరచుగా వారికి ముందు పుట్టిన బిడ్డయే.

శాస్త్రము దీనికి పెట్టిన పేరు

మన పూర్వులు ఈ సంగతిని బాగుగా ఎరుగుదురు. మాధవనిదానమున బాలరోగములలో "పారిగర్భికము" అను వ్యాధి చెప్పబడినది. తల్లి మరల గర్భవతియైనపుడు ఆమె పాలు త్రాగు బిడ్డకు ఇది కలుగును. దగ్గు, ఆకలి మందగించుట, వాంతి, మత్తుగా ఉండుట, చిక్కిపోవుట, అన్నముపై అరుచి, పొట్ట పెరుగుట దీని లక్షణములు. ఈ వ్యాధికే "పరిభవము" అని మరియొక పేరు కలదు. పరిభవమనగా అవమానము, ఓటమి. రాబోవు బిడ్డ చేతిలో ఓడిపోయిన బిడ్డ అని ఆ మాటకు నేను అర్థము చెప్పుకొందును. కాశ్యపసంహితలో నడక రాక కాళ్ళు బలహీనపడు "ఫక్క" రోగమునకు మూడు కారణములు చెప్పుచు, తల్లి మరల గర్భము ధరించుటను అందొకటిగా చెప్పినారు. అట్టి బిడ్డకు నడక నేర్పుటకు మూడు చక్రముల బండిని కూడ ఆ గ్రంథము విధించినది.

ఆశ్చర్యమేమనగా, సముద్రములకు ఆవలనున్న ప్రజలు కూడ ఇదే భావముతో ఈ వ్యాధికి పేరు పెట్టుకొనిరి. గోల్డ్ కోస్ట్‌లో, అనగా నేటి ఘానా దేశములో, పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1935లో "క్వాషియార్కర్" అను పేరును వైద్యలోకమునకు తెలిపినది. అక్కడి గా భాషలో ఆ మాటకు, తరువాతి బిడ్డ పుట్టగా స్థానము కోల్పోయిన బిడ్డకు వచ్చు జబ్బు అని అర్థము. కాళ్ళకు నీరు దిగుట, పొట్ట ముందుకు వచ్చుట, జుట్టు రంగు మారుట, బిడ్డ ఏ ఆటపైనను ఆసక్తి లేక చికాకుపడుట దాని గుర్తులు.

గర్భిణి పాలు బిడ్డకు పడవని పూర్వులు తలచినారు. ఆ పాలలో విషమేమియు లేదని నేటి వైద్యము చెప్పుచున్నది. గర్భము నిలిచిన పిదప పాలు తగ్గును. తగ్గిన పాలకు బదులు తగిన ఆహారము అందదు. పైగా ఒళ్ళో చోటు పోవును. ఈ మూడును కలిసి బిడ్డను కృశింపజేయును. కారణమును ఎట్లు చెప్పినను, చేయవలసిన పని ఒక్కటే: ఆ బిడ్డకు అన్నమును, ఒడిని తిరిగి ఇయ్యవలెను.

ఒక ఇంటి సంగతి

కొన్ని యేండ్ల క్రిందట గురజాల వైపు నుండి ఒక కుటుంబము వచ్చినది. నాలుగు నెలల కవల ఆడపిల్లలకు జలుబు. తల్లి ఒకరిని, మేనత్త ఒకరిని ఎత్తుకొనియున్నారు. నాయనమ్మ చంకలో రెండేండ్లు నిండని పిల్లవాడు ఒరిగి పడియున్నాడు. కవలలు హాయిగా పాలు త్రాగుచున్నారు. వారికి మందు అవసరము లేకపోయినది. నేను పిల్లవాని సంగతి అడిగితిని. "వాడికేం డాక్టరుగారూ, పెద్దోడేగా, వాడి పాటికి వాడు తిరుగుతా ఉంటాడు" అన్నది నాయనమ్మ. తిరుగుచున్నాడా అని మరల అడుగగా ఆమె కాసేపు ఆలోచించి, "ఈ మధ్య కూర్చునే ఉంటున్నాడు" అన్నది.

వాని ఆహారము విచారించగా, ఉదయము టీలో ముంచిన బిస్కెట్లు, మధ్యాహ్నము కొంచెము చారన్నము, రాత్రి పాలు. కవలల గర్భమని తెలిసిన నాడే రొమ్మునకు వేపాకు ముద్ద పూసి ఒక్కరోజులో పాలు మాన్పించినారట. అది పేద ఇల్లు కాదు. ఇంట పాడి కలదు, ధాన్యము కలదు. లేనిది వానికి దగ్గర కూర్చుండి తినిపించు మనిషి. పాదము మీద బొటనవేలితో నొక్కగా గుంట పడినది. చూర్ణములతో కాలయాపన చేయవలసిన స్థితి కాదని చెప్పి, ఆ దినమే పిల్లల ఆసుపత్రికి పంపితిని. కొన్ని వారములకు వాడు కోలుకొన్నాడు.

పెద్దబిడ్డకు ఏమి పెట్టవలెను

రెండేండ్లలోపు బిడ్డకు దినమునకు మూడు నాలుగు మారులు భోజనము, నడుమ ఒకటి రెండు మారులు చిరుతిండి కావలెను. వాని పొట్ట చిన్నది. పలుచని గంజి, చారు దానిని నింపునే గాని బలమియ్యవు. అన్నము చెంచాలో నిలుచునంత చిక్కగా ఉండవలెను.

ఇంట చేసికొను ఉగ్గుపిండి మేలు. బియ్యము మూడు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు విడివిడిగా దోరగా వేయించి, కొంచెము జీలకర్ర కలిపి, బరకగా విసరి డబ్బాలో పోసికొనవలెను. బియ్యమునకు బదులు మన ప్రాంతపు సజ్జలు గాని, జొన్నలు గాని, రాగులు గాని వాడవచ్చును. దీనిని నీటిలో మెత్తగా ఉడికించి, ఒక చెంచా నెయ్యి వేసి తినిపించవలెను. మెదిపిన ఆకుకూర పప్పు, అరటిపండు, పెరుగన్నము, తిను ఇండ్లలో ఉడికించిన కోడిగ్రుడ్డు దినమూ మారుచుండవలెను. వేరుశనగలు పలుకులుగా ఇయ్యరాదు, గొంతున అడ్డుపడును. మెత్తగా నూరి కలుపవలెను.

టీ పసిబిడ్డలకు ఎంతమాత్రము తగదు. అది ఆకలిని చంపును. ఆహారములోని ఇనుము వంటబట్టనీయదు. ఏడాది దాటిన బిడ్డకు పాలు మంచివే గాని దినమునకు అరలీటరు మించరాదు. పాలతోనే పొట్ట నిండిన బిడ్డ అన్నము ముట్టడు, రక్తము తగ్గిపోవును.

కవలల గర్భమని తెలిసినపుడు పెద్దబిడ్డకు పాలు ఇయ్యవచ్చునా అన్నది ప్రసూతి వైద్యులను అడిగి నిర్ణయించుకొనవలెను. మాన్పవలసి వచ్చినచో, రోజుకొక పూట చొప్పున తగ్గించుచు, తగ్గిన ప్రతి పూటకు అన్నము చేర్చవలెను.

కవలలకు తల్లిపాలు చాలునా

"ఒక్కరికే అంతంతమాత్రము, ఇద్దరికెట్లు చాలును?" అని పెద్దలు సందేహింతురు. పాలు కుండలో నిలువయున్న సరకు కాదు. బిడ్డ చీకినకొలది ఊరును. ఇద్దరు చీకినచో ఇద్దరికి తగినట్లు ఊరునట్లే చాలమంది తల్లుల శరీరము అమరియున్నది. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టవలెను; పారబోయరాదు. మొదటి వారములలో ఒక్కొక్క బిడ్డకు దినమునకు ఎనిమిది నుండి పన్నెండు మారులు పాలు కావలెను. ఇరుప్రక్కల దిండ్లు పెట్టుకొని, ఇద్దరి కాళ్ళను తన చంకల క్రిందుగా వెనుకకు ఉంచి తల్లి ఒకేసారి ఇద్దరికి పాలియ్యవచ్చును. ఆమెకు కొంత విశ్రాంతి దొరకును. దినమునకు ఆరు మారులకు తగ్గకుండ మూత్రము పోయుట, బరువు పెరుగుట పాలు చాలుచున్నవనుటకు గుర్తులు. బరువు పెరుగనిచో వైద్యులను అడిగి పై పాలు చేర్చుటలో తల్లికి చిన్నతనమేమియు లేదు.

ఆరు నెలలు నిండువరకు పాలు తప్ప చుక్క నీరు కూడ అవసరము లేదు. రెంటచింతల ఎండలు పల్నాటివారికి చెప్పవలసిన పని లేదు. ఆ వేసవిలోనైనను తల్లిపాలే బిడ్డ దాహము తీర్చును. నీరు కావలసినది తల్లికి. బాలింత పథ్యమని ఒట్టి కారపుపొడి అన్నము పెట్టి, నీరు కొలిచి ఇచ్చుట కవలల తల్లి విషయమున మరింత అన్యాయము. ఒక బిడ్డకు పాలిచ్చు తల్లికే మొదటి ఆరు నెలలు దినమునకు 600 కిలోకాలరీలు అదనముగా కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. ఇద్దరికిచ్చు తల్లికి అంతకు మించి కావలెను. పిల్లిపీచర వంటి మూలికలు వైద్యుని సలహాపై వాడవచ్చును గాని, అవి పప్పన్నమునకు బదులు కావు.

కవలలు తరచుగా నెలలు నిండకముందే, తక్కువ బరువుతో పుట్టుదురు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అను వైద్యుడు, యంత్రపు పెట్టెలు చాలక, చిన్న బిడ్డలను తల్లి రొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచు పద్ధతిని ప్రారంభించినాడు. నేడు అది లోకమంతట ఆదరింపబడినది. ఒక బిడ్డను తల్లి, ఒక బిడ్డను తండ్రి ఇట్లు ఉంచుకొనవచ్చును.

దినచర్యలో జాగ్రత్తలు

ఒకే పోలిక గల కవలలలో ఒకరికే రెండు మారులు మందు పడుట, రెండవవారికి అసలు పడకపోవుట జరుగుచుండును. ఇద్దరికి రెండు రంగుల మొలత్రాళ్ళు కట్టి, మందు వేయగానే గోడ క్యాలెండరు మీద గుర్తు వేయుట మంచిది.

చరకుడు ఆటవస్తువుల లక్షణము చెప్పుచు, అవి బరువుగా, మొనదేలి, నోటిలో పట్టునట్లుగా ఉండరాదన్నాడు. పెద్దబిడ్డ గోళీలు, బొత్తాములు ప్రాకుచున్న కవలల నోటికి చేరు ఇండ్లలో ఈ మాటను దినమూ తలచుకొనవలెను. బిడ్డ ఏడ్చుచున్నను, తినకున్నను భయపెట్టరాదని కూడ ఆయన చెప్పినాడు. "నీ పాలు చెల్లెళ్ళు త్రాగేశారు" అను ఎగతాళి బూచివానికంటె ఎక్కువ బాధించును. పెద్దబిడ్డను దినమునకు అరగంటయైనను తల్లి ఒడిలో ఒంటరిగా కూర్చుండనియ్యవలెను. ఆ అరగంట కవలలను ఇతరులు ఎత్తుకొనవలెను.

నువ్వులనూనెతో మెల్లగా ఒళ్ళు రుద్ది స్నానము చేయించుట మేలే. ముక్కులో, చెవిలో నూనె పోయరాదు. సాంబ్రాణి పొగ పసివారి ఊపిరితిత్తులకు పడదు. ఉగ్గుగిన్నెతో ఆముదము పట్టుట, వస కొమ్ము అరగదీసి నాకించుట మానవలెను. శాస్త్రమున లేహ్యములకు తేనె చెప్పబడినను, ఏడాది నిండని బిడ్డకు తేనె వలన ప్రాణాపాయమైన పక్షవాతము వంటి వ్యాధి కలుగగలదని నేడు నిశ్చయముగా తెలిసినది. కావున తేనెను నాకింపరాదు.

ఎప్పుడు ఆసుపత్రికి పోవలెను

కవలలలో ఎవరైనను పాలు చీకకున్నను, ఒళ్ళు కాలుచున్నను, చల్లబడినను, ఊపిరికి డొక్కలు ఎగురవేయుచున్నను, ఫిట్స్ వచ్చినను ఇంటి వైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పెద్దబిడ్డ పాదములు నీరు పట్టినను, ఆట మాని మత్తుగా ఉన్నను అంతే. ఆరు నెలలు దాటి అయిదేండ్లలోపు బిడ్డకు జబ్బ నడిమి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గినచో పోషణ చాలదని, 11.5కు తగ్గినచో స్థితి తీవ్రమని గుర్తు. దర్జీ టేపుతో ఇంటనే కొలువవచ్చును. అంగన్‌వాడీలో తూకము వేయించునపుడు కవలలతోపాటు పెద్దబిడ్డను కూడ తీసికొనిపోవలెను.

కాన్పునకు, తరువాతి గర్భమునకు నడుమ కనీసము రెండేండ్లు ఎడముండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఎడము పాటించుట దంపతులిద్దరి బాధ్యత. ఎడము లేక కవలలే వచ్చినను దిగులుపడవలసినది లేదు. భారతమున కుంతి తన ముగ్గురితోపాటు మాద్రి కవలలను కూడ పెంచినది. నకులసహదేవులకు ఆమె ఎక్కువ చేసినదని భీమార్జునులు అలిగిన కథ ఎక్కడను లేదు. ఇంట పళ్ళెములు వడ్డించునపుడు మొదటి ముద్ద పెద్దబిడ్డకు కలిపి, వాని ప్రక్కన ఒకరు కూర్చుండుట నేటి నుండియే ఆరంభించుడు.