యాష్ చెట్లు – ఊరివారి ముందుచూపు

అమెరికాలోని డిట్రాయిట్ నగర పరిసరములలో మన తెలుగు కుటుంబములు వేల సంఖ్యలో కాపురమున్నవి. అచటనున్న కొడుకులను, కూతుళ్ళను చూచుటకు వేసవిలో వెళ్ళి నాలుగు మాసములుండి వచ్చు తల్లిదండ్రులు మా శ్రోతలలోను కలరు. వారు సాయంకాలము నడకకు పోవు వీథులలో ఒకప్పుడు ఇరుప్రక్కల యాష్ అను చెట్లు గొడుగు పట్టినట్లుండెడివి. నేడు ఆ పెద్ద చెట్లు మిక్కిలి అరుదు. ఇట్లేల జరిగినది, ఆ తరువాత ఇతర నగరములవారు ఏ ఏర్పాట్లు చేసికొనిరి అను సంగతిని ఈ ప్రసంగములో వివరింపదలచినాము.

ఆంగ్లమున యాష్ అనగా బూడిద అనియు అర్థము కలదు. కాని ఈ చెట్టు పేరునకును బూడిదకును సంబంధము లేదు. వేర్వేరు పాత మాటలు కాలక్రమమున ఒక్క రూపము దాల్చినవి. చెట్టు మనకు పరాయిదే యైనను దాని చుట్టములు మన పెరటిలోనే ఉన్నవి. మల్లె, జాజి, పారిజాతము – వృక్షశాస్త్రము ప్రకారము ఇవియును యాష్ కుటుంబములోనివే. దాని కలప దెబ్బకు ఓర్చునది. బేస్‌బాల్ ఆట బ్యాట్లకును, పనిముట్ల పిడులకును వాడుదురు. నల్ల యాష్ దుంగను కొట్టి, పొరలు పొరలుగా తీసి బుట్టలల్లుట ఆ ఖండపు ఆదివాసులలో పలు తెగలకు తరతరముల విద్య.

నగరములవారు దీనిని అంత విరివిగా నాటుటకు వెనుక ఒక కథ ఉన్నది. గత శతాబ్దమున ఎల్మ్ అను చెట్లు ఒక బూజు తెగులుచే లక్షల కొలది చనిపోయినవి. ఆ ఖాళీలను పూడ్చుటకు త్వరగా పెరుగునదియు, నగరపు నేలను తట్టుకొనునదియు నని యాష్‌ను ఎన్నుకొనిరి. ఒకే చెట్టును నమ్మి నష్టపోయినవారు మరల ఒకే చెట్టును వరుసలు తీర్చి నాటిరి. దీనిని తెలివితక్కువ యనుటకు మాకు నోరు రాదు. చౌకగా దొరకి, బ్రతుకునని పేరున్న మొక్కను ఎవరు నాటరు?

2002లో డిట్రాయిట్ చెంత చచ్చుచున్న యాష్ చెట్లలో ఒక పెంకుపురుగును గుర్తించిరి. ఆ సంవత్సరమే నదికి ఆవల, కెనడాలోని విండ్సర్‌లోను అది కనబడినది. ఇది తూర్పు ఆసియాకు చెందినది. సరకుల పెట్టెల చెక్కలో దాగి 1990 తరువాతి సంవత్సరములలో వచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. అరంగుళము పొడవున, మరకతము వలె మెరయుచు చూచుటకు ముచ్చటగా ఉండును. పెద్ద పురుగు ఆకులను కొంచెము కొరుకునంతే. హాని చేయునది దాని పిల్ల. బెరడు పగుళ్ళలోని గ్రుడ్లనుండి వెలువడి, లోనికి తొలుచుకొనిపోయి, బెరడునకును కలపకును నడుమనున్న మెత్తని పొరను మెలికలుగా తినివేయును. ఆకులలో తయారైన ఆహారము వేళ్ళకు దిగునది ఆ పొర గుండనే. దారి తెగిన చెట్టు తలనుండి ఎండుట ఆరంభించును. 2021లో తెలంగాణ, ఆంధ్ర ప్రాంతములలో వేపచెట్ల కొనకొమ్మలు ఎండి మనలను కలతపెట్టినవి. ఆ వేపలు చాలవరకు మరల చిగిర్చినవి. పురుగు పట్టి, మందు పడని యాష్‌లో అట్లు తేరుకొనునది మిక్కిలి అరుదు.

పురుగు బయటికి వచ్చిన రంధ్రము ఒక ప్రక్క చదునుగాను, రెండవ ప్రక్క గుండ్రముగాను ఉండును. వెడల్పు అంగుళములో ఎనిమిదవ వంతు. వడ్రంగిపిట్టలు పిల్లపురుగుల కొరకు చెక్కివేసిన చోట బెరడు పాలిపోయి కనబడును. చిక్కంతయు ఏమనగా, ఈ గుర్తులు తెలియునప్పటికే పురుగు ఆ ఊరిలో కొన్ని ఏండ్లుగా కాపురమున్నదని అర్థము. మొదట అక్కడొకటి, ఇక్కడొకటి చెట్టు పోవును. పురపాలక సంఘమువారు ఇంకను వ్యవధి ఉన్నదనుకొందురు. అటుపై నాలుగైదు ఏండ్లలో మిగిలినవన్నియు ఇంచుమించుగా ఒక్కసారి చచ్చును. చచ్చిన యాష్ త్వరగా పెళుసుబారును. కొమ్మలు చెప్పకుండ విరిగిపడును. దానిపైకి ఎక్కుట పనివారికి ప్రాణాపాయము. అప్పుడు యంత్రములు తేవలెను, ఖర్చు పెరుగును. పదేండ్లకు పంచవలసిన వ్యయము రెండు మూడు బడ్జెట్లపై పడును.

కావున మొదటి పని లెక్క. ఏ వీథిలో ఎన్ని యాష్‌లున్నవి, నేలనుండి 4½ అడుగుల ఎత్తున మాను ఎంత లావు, తల ఎంత పచ్చగా నున్నది, క్రింద బడి గాని, విద్యుత్తీగ గాని ఉన్నదా – ఇంత మాత్రము వ్రాసికొన్నను చాలును. కొంత శిక్షణ ఇచ్చినచో ఈ పనిని ఊరి స్వచ్ఛంద సేవకులే చేయగలరు. ఆ పట్టిక చేతనున్నవారికే ఏ చెట్టును నరుకవలెను, దేనికి మందు పోయవలెను అను నిర్ణయము సాధ్యము. బలహీనమైనవి, తీగల క్రిందివి, చిన్నవి ముందుగా తీసివేయుదురు. నీడనిచ్చు ఆరోగ్యవంతమైన పెద్ద చెట్లకు మొదలులో సన్నని రంధ్రములు చేసి ఎమామెక్టిన్ బెంజోయేట్ అను మందు ఎక్కింతురు. అది రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు మూడేండ్లు కాపాడును. తరువాత మరల ఎక్కింపవలెను. తలలో సగము ఎండిన చెట్టునకు మందు పోయుట దండుగ.

రెండు నగరములు రెండు దారులు పట్టినవి. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ 2009 నుండి తన వీథులలో 20,000కు మించిన యాష్‌లకు వంతులవారీగా మందు ఎక్కించుచు వచ్చినది. మిన్నెసోటాలోని మిన్నియాపోలిస్ 2014లో ఎనిమిదేండ్ల ప్రణాళిక వేసి, వీథులలోను ఉద్యానములలోను ఉన్న దాదాపు 40,000 యాష్‌లను క్రమముగా తీసి వేరు జాతులను నాటినది. పచ్చని చెట్టును నరుకుట చూచి పౌరులు బాధపడుట సహజము. మా అభిప్రాయమున రెండు దారులును దారులే. ఏ దారియు పట్టక కూర్చుండుట మాత్రము అన్నిటికంటె ప్రియమైన బేరము.

ఇక ఇండ్ల ఆవరణలలోని చెట్ల సంగతి. ఇది ప్రణాళికలలో తరచు వెనుకబడు భాగము. మిన్నియాపోలిస్‌లో పురుగు పట్టిన సొంత చెట్టును తీయించు భారము ఇంటివారిదే. తీయనిచో నగరమువారు తీయించి, ఆ సొమ్మును ఇంటిపన్నుతో కలుపుదురు. పెద్ద చెట్టునకు అది వేల డాలర్లు కావచ్చును. పేదవారి పేటలలో ఇది అప్పుగా మారినది. మందునకో, నరుకుటకో కొంత సహాయమును ముందే కేటాయింపని ప్రణాళికను మేము సంపూర్ణమని అనజాలము.

మరల ఏమి నాటవలెను? 1990లో ఫ్రాంక్ సాంటమోర్ అను శాస్త్రజ్ఞుడు ఒక కొలత చెప్పెను: నగర వృక్షములలో ఒక జాతి నూటికి 10, ఒక ప్రజాతి 20, ఒక కుటుంబము 30 మించరాదు. మన పురుగునకు ఆకుపచ్చ యాష్, తెల్ల యాష్, నల్ల యాష్ అన్నియు ఒక్కటే. కావున జాతి లెక్క ఒక్కటే చూచుకొన్నవారు మోసపోవుదురు. పురుగు ఊరూరికి ప్రాకుటకు ముఖ్య వాహనము మనిషి మోసుకొనిపోవు కట్టెలు. నిర్బంధములను కేంద్ర ప్రభుత్వము 2021 జనవరిలో ఎత్తివేసినది. నాటినుండి కట్టెలను కొన్నచోటనే కాల్చుడని చెప్పుట ఆయా రాష్ట్రముల, ఊళ్ళ పనియైనది.

చైనానుండి తెచ్చిన, మనుష్యులను కుట్టని అతి సూక్ష్మమైన కందిరీగలను 2007 నుండి అడవులలో వదలుచున్నారు. అవి పురుగు గ్రుడ్లలోను, పిల్లలలోను తమ గ్రుడ్లు పెట్టును. పెద్ద చెట్లను అవి రక్షింపలేకపోయినను, లేత యాష్‌లకు కొంత ఊరట కలుగుచున్నది. ఇంకొకటి. చుట్టునున్నవన్నియు చచ్చినను మందు లేకయే నిలిచిన యాష్‌లు అరుదుగా అక్కడక్కడ కనబడుచున్నవి. ఓహాయోలోని అటవీ పరిశోధకులు వాటినుండి కొమ్మలు తెచ్చి అంట్లు కట్టి పెంచుచున్నారు. కావున లెక్క వ్రాయువారు చావు మిగిల్చిన చెట్టు కంటబడినచో దాని చోటును గుర్తించుకొని, గొడ్డలి వేయకముందే పరిశోధకులకు తెలుపవలెను.