దారపు బొమ్మలకు లిపి

చేతితో నేర్చిన విద్య, ఆ చేయి యున్నంత కాలమే నిలుచును. పద్యమునకు గణములున్నవి, పాటకు స్వరములున్నవి, వంటకు కొలతలున్నవి. వ్రేళ్ళ కదలికను మాత్రము కాగితముమీద నెట్లు నిలుపవచ్చును? సంగీతమునకును ఇట్టి చిక్కు చిరకాలముండెను. స్వరమును వ్రాయవచ్చును గాని గమకమును వ్రాయుటెట్లని విద్వాంసులు సంశయించుచుండగా, సుబ్బరామ దీక్షితులవారు 1904లో తెలుగు లిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినియందు గమకములకును గుర్తుల నేర్పఱచిరి. సరిగా ఆ దినములలోనే సముద్రముల కావల, పిల్లలు దారముతో నాడుకొను నొక చిన్న యాటకును లిపి యేర్పడినది. ఆ వృత్తాంతమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఆ యాటకు కావలసినది రెండు గజముల దారము మాత్రమే. రెండు కొనలను ముడివైచి, ఆ వలయమును వ్రేళ్ళకు తగిలించి, ఎత్తుచు, దాటించుచు, వదలుచు నుండగా నక్షత్రములు, నిచ్చెనలు, పక్షులు మొదలగు రూపములు వ్రేళ్ళనడుమ పుట్టును. ఉత్తర ధ్రువప్రాంతపు ఎస్కిమోలు, పసిఫిక్ ద్వీపవాసులు, అమెరికాలోని నవహో జాతివారు, ఆఫ్రికా ప్రజలు, జపానువారు, అందఱును దీని నెఱుగుదురు. మన దేశమున గుజరాతు కాఠియావాడ ప్రాంతముల బొమ్మలను జేమ్స్ హార్నెల్ అను పండితుడు సేకరింపగా, 1932లో బంగాళపు ఏషియాటిక్ సొసైటీవారు ప్రకటించిరి.

పూర్వము దూరదేశములకు బోయిన యాత్రికులు ఈ యాటను చూచి, "వీరు దారముతో చిత్రముగా నాడుదురు" అని వ్రాసి యూరకుండిరి. కొందఱు కడపటి రూపమును బొమ్మగా గీసిరి. కాని దానివలన లాభమేమి? ముగ్గుల పుస్తకములో నిన్ని చుక్కలు, సందుచుక్క యని యుండును. గీతయు కన్నులయెదుట నుండును గనుక దానిజూచి వేయవచ్చును. దారపు బొమ్మ యట్టిది గాదు. పోగు ఏ వ్రేలినుండి యెక్కడకు పోయినదో, ఏది ముందో, ఏది పిదపనో తెలియనిదే అది పుట్టదు. అంతియ గాక, ఒకే రూపమును ఒక జాతివారొక విధముగను, వేఱొక జాతివారు వేఱొక విధముగను కల్పింపవచ్చును. కావున కడపటి రూపముకంటె దానిని పుట్టించిన క్రమమే ముఖ్యము.

ఇట్టి క్రమమును మాటలలో పెట్టుట మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి హెరాక్లస్ అను గ్రీకు వైద్యుడు శస్త్రచికిత్సకు వలసిన ముడులను, ఉచ్చులను పదునెనిమిదింటిని వర్ణించెను. అందొకటి విరిగిన దవడను నిలుపుటకై చెప్పినది. అది నిజముగా నొక దారపు బొమ్మయే. ఆధునికులలో ఫ్రాంజ్ బోవాస్ పండితుడు 1888లో ఎస్కిమోల బొమ్మను చేయు విధమును వర్ణించెను. అయినను ఒకరు వ్రాసిన తీరు మఱియొకరికి పనికిరాకుండెను.

1898లో కేంబ్రిడ్జినుండి టారెస్ జలసంధి ద్వీపములకు బోయిన పండితులలో హేడన్, రివర్స్ అనువారిరువురు ఆ ద్వీపవాసులయొద్ద ఈ యాట నేర్చుకొని, 1902లో దానిని వ్రాయు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. రివర్స్ వైద్యుడు గనుక శరీరశాస్త్రపు మాటలే తీసికొనిరి. బొటనవ్రేలి వైపున కొక పేరు, చిటికెనవ్రేలి వైపున కొక పేరు. అఱచేతి వైపున కొకటి, చేతి వీపున కొకటి. వ్రేలి మొదటికి, కొనకు వేఱువేఱు పేరులు. చేతులను ఎటు త్రిప్పినను ఈ పేరులు మాఱవు. అదియే వాని గుణము. పెక్కు బొమ్మలకు ఆరంభ మొకటే గనుక దానికి 'ప్రారంభము ఏ' యని పేరిడిరి. వ్యాకరణమున సంజ్ఞ యెట్టిదో యిదియు నట్టిదే. ఒకసారి నిర్వచించినచో మరల మరల వ్రాయ నక్కఱలేదు.

కాని యీ పండితభాష గృహిణులకును బాలురకును కొఱుకుడు పడునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది ఫిలడెల్ఫియా నగరపు స్త్రీ, కరోలిన్ ఫర్నెస్ జేన్. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనమునకు వచ్చిన పలుజాతులవారియొద్ద నామె బొమ్మలు నేర్చెను. 1906లో హేడన్ పీఠికతో నామె గ్రంథము వెలువడినది. ఆమె శాస్త్రపు మాటలను విడిచి, సమీపపు పోగు, దూరపు పోగు, పైది, క్రిందిది యను ఇంటి మాటలతోనే వ్రాసి, మెట్టుమెట్టునకు పటము చేర్చెను. ఆ గ్రంథము 1962లో మరల ముద్రింపబడి నేటికిని చదువరుల చేతులలో నున్నది.

వ్రాతకు ఫలము చేసి చూచుటయే కదా. సోదరీమణులు దారము తీసికొందురు గాక. అఱచేతు లెదురెదురుగా, వ్రేళ్ళు మీదికి నుంచి, వలయమును రెండు చేతుల బొటనవ్రేళ్ళకును చిటికెనవ్రేళ్ళకును తగిలింపవలెను. ప్రతి యఱచేతికి నడ్డముగా నొక పోగుండును. కుడి చూపుడువ్రేలితో ఎడమ యఱచేతి పోగును క్రిందినుండి యెత్తి చేతులు చాపవలెను. పిమ్మట ఎడమ చూపుడువ్రేలిని కుడి చూపుడువ్రేలి వలయము నడుమగా పోనిచ్చి, కుడి యఱచేతి పోగును అట్లే యెత్తి చాపవలెను. ఇదియే ప్రారంభము ఏ.

ఇక బొటనవ్రేళ్ళను చూపుడువ్రేళ్ళ సమీపపు పోగు మీదుగా పోనిచ్చి, వాని దూరపు పోగును క్రిందినుండి యెత్తుకొని స్వస్థానమునకు తేవలెను. ఇపుడు బొటనవ్రేలికి రెండేసి వలయములు. క్రింది దానిని పైదాని మీదుగా దాటించి వ్రేలినుండి జార్చవలెను. నవహోల యాటలో తఱచుగా వచ్చుటచే దీనికి 'నవహో చేయుట' యని పేరు. చిటికెనవ్రేళ్ళను వదలి, చేతులు చాపి, తగినట్లు వంచి చూచినచో గిన్నెయు పళ్ళెమును కనబడును.

ఇంత మాటను ఇంకను కుదింపవచ్చును. అమెరికాలోని గణితజ్ఞుడు థామస్ స్టోరర్ 1988లో వ్రేళ్ళకు అంకెలును, పనులకు గుర్తులును వాడి బీజగణితమువలె వ్రాసెను. ఆ జాడలోనే మేమును తెలుగున నిట్లు వ్రాసికొంటిమి. బొటనవ్రేలు 1, చూపుడువ్రేలు 2, చిటికెనవ్రేలు 5. సమీపపు పోగు స, దూరపు పోగు దూ. అపుడు గిన్నె పళ్ళెముల కథ యంతయు నిది: "ఏ. 1, 2స మీదుగా, 2దూ ఎత్తు. 1 నవహో. 5 వదలు. చాపు." సూత్రమునకును వ్యాఖ్యకును గల భేద మిక్కడ తేటపడుచున్నది. తెలిసినవారికి సూత్రము చాలును, క్రొత్తవారికి వ్యాఖ్య కావలయును.

ఈ లిపికి అందనిదియు కలదు. కొన్ని బొమ్మలతో పాటలు పాడుదురు, కథలు చెప్పుదురు. వానిని వేఱుగా వ్రాసికొననిచో బొమ్మ మిగిలి మాట పోవును. ఈ పనిలో స్త్రీలు ముందంజ వేసిరి. హేడన్ కుమార్తె కేథ్లీన్ 1911లో పలుదేశముల బొమ్మలతో గ్రంథము వ్రాసెను. ఆనర్ మాడ్ అను నామె భర్త యుద్యోగముచే గిల్బర్ట్ ద్వీపములకు బోయి, అచ్చటివారియొద్ద నేర్చిన బొమ్మలను 1958లో ప్రకటించి, తరువాత నౌరూ మొదలగు ద్వీపముల బొమ్మలపై పెక్కు గ్రంథములు రచించెను. 1978లో జపానున దీనికై యొక సంఘమే యేర్పడినది.

మన యిండ్లలో అచ్చనగాండ్ల యెత్తులు, పూలజడ యల్లికలు, ఒత్తులు చేయు నేర్పులు ఎన్ని లేవు? పెద్దమ్మలతో నవి పోకుండ నిలుపుట మన చేతిలోనున్నది. నేటి బాలురు దారముపై త్రిప్పు యోయో విన్యాసములకును మార్గ మిదియే. వ్రాయువారు మూటిని మఱవరాదు: ఏ చేయి, ఏ వ్రేలు, ఏ పోగు అనునది ప్రతి మెట్టునను చెప్పవలెను, ఒక పనికి ఒకే పేరు వాడవలెను, వ్రాసినదానిని ఆ విద్య నెన్నడును చూడని బాలిక చేతికిచ్చి, తాము మాటాడక కూర్చుండవలెను. ఆమె చేయగలిగినచో వ్రాత నిలిచినది. ఆగినచో, ఆగినచోటనే ఒక మాట చేర్పవలసి యున్నదని గ్రహింపవలెను.