అన్నీ తానే అయిన జార్

1897లో రష్యా సామ్రాజ్యమంతటా తొలిసారి జనాభా లెక్కలు తీసినప్పుడు, వృత్తి అన్న గడిలో జార్ చక్రవర్తి రెండో నికోలస్ ‘రష్యా నేలకు యజమాని’ అని రాసుకున్నాడు. అది గొప్పలకు పోవడం కాదు, చట్టం చెప్పిందీ అదే. చక్రవర్తి అధికారం నిరంకుశమనీ, దానికి హద్దుల్లేవనీ, ఆయనకు లోబడి ఉండమని దేవుడే ఆదేశిస్తున్నాడనీ సామ్రాజ్య మూల చట్టాల మొదటి అధికరణం ప్రకటించింది. పన్నెండున్నర కోట్ల జనానికి పార్లమెంటు లేదు, చట్టబద్ధమైన పార్టీ ఒక్కటీ లేదు. అంతటి అధికారం 1917లో పది రోజులు తిరక్కుండానే కుప్పకూలింది. అణచివేత శ్రుతి మించింది కాబట్టి జనం తిరగబడ్డారని సాధారణంగా చెబుతారు. అణచివేత నిజమే, కానీ కథ అంతటితో అయిపోదు. అధికారంలో ఇసుమంతైనా ఎవరితోనూ పంచుకోకూడదన్న పట్టుదల వల్ల జార్ పాలన అసలు ప్రభుత్వంగానే పనిచేయలేకపోయింది. దాన్ని కూల్చింది ప్రధానంగా ఈ బలహీనతే.

పాలన ఎలా నడిచేదో చూస్తే ఇది తేటపడుతుంది. 1905 చివరి దాకా రష్యాలో ప్రధానమంత్రి నాయకత్వంలో పనిచేసే మంత్రివర్గమంటూ లేదు. ఏ మంత్రికి ఆ మంత్రి తన నివేదిక పట్టుకుని విడిగా జార్ దగ్గరికి వెళ్లేవాడు. ఎవరికి వారే యమునా తీరే. ఆర్థికమంత్రి విట్టే రైలు మార్గాలు, కర్మాగారాలు పెంచుకుంటూ పోతుంటే, వాటితో పాటు పెరిగిన కార్మికులను హోంశాఖ శత్రువుల్లా చూసేది. అదే హోంశాఖ కింద మాస్కో రహస్య పోలీసు అధికారి జుబాతోవ్ స్వయంగా కార్మిక సంఘాలు పెట్టించాడు! వీటన్నిటినీ ఒక తాటి మీదికి తేవలసిన మనిషి జార్ ఒక్కడే. ఆయనేమో ఆంతరంగిక కార్యదర్శిని కూడా పెట్టుకోకుండా తన ఉత్తరాల కవర్లు తానే అంటించుకునేవాడు. ఇక పల్లెల్లో రాజ్యం ఉనికే పలచన. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు పది కోట్ల గ్రామీణులకు ఉన్న పోలీసులు పది వేల లోపే. బడులు, ఆస్పత్రులు, రోడ్లు చూసుకున్నవి 1864లో ఏర్పడిన జెమ్‌స్త్వోలు, అంటే ఎన్నికైన స్థానిక సంస్థలు. 1891–92లో వోల్గా నదీ ప్రాంతంలో కరువు, కలరా కలిసి సుమారు నాలుగు లక్షల మందిని బలిగొన్నప్పుడు ప్రభుత్వం చేతులు చాలక వాటి సాయమే కోరింది. అలాంటి సంస్థల ప్రతినిధులు 1895లో, కొత్తగా గద్దెనెక్కిన జార్ ఎదుట నిలిచినప్పుడు, పాలనలో భాగం కావాలనుకోవడం అర్థంలేని కలలని ఆయన కొట్టిపారేశాడు. తన తరఫున పల్లెల్లో పని చేస్తున్నవాళ్లనే దూరం చేసుకున్నాడన్నమాట.

వాళ్లకివ్వని నమ్మకాన్ని ఆ రాజ్యం పోలీసులకిచ్చింది. జార్ రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత 1881లో మూడేళ్ల కోసమని తెచ్చిన అత్యవసర నిబంధనలను పొడిగిస్తూ 1917 దాకా లాక్కొచ్చారు. అవి అమల్లో ఉన్న చోట గవర్నర్ విచారణ లేకుండా జైల్లో పెట్టవచ్చు, జరిమానా వేయవచ్చు, సభలు ఆపవచ్చు. అయినా భద్రత పెరిగిందా? 1904లో హోంమంత్రి ప్లేవేను చంపిన విప్లవ దళానికి నాయకుడు అజేఫ్. అతడు పోలీసుల జీతం తీసుకుంటున్న గూఢచారి కూడా. 1911లో కీవ్ నాటకశాలలో ప్రధానమంత్రి స్తొలీపిన్‌ను కాల్చినవాడు లోపలికి వచ్చిందే పోలీసులిచ్చిన టికెట్టుతో.

1905 తర్వాత మార్పు వచ్చింది కదా అని అడగవచ్చు. ఆ ఏడాది జనవరి 9న రాజధానిలో జార్ చిత్రపటాలు పట్టుకుని, విన్నపం ఇవ్వడానికి వచ్చిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. వంద మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కే ఒప్పుకుంది. జపాన్ చేతిలో ఓటమి, దేశవ్యాప్త సమ్మె తోడయ్యాక అక్టోబరులో జార్ దిగివచ్చి, పౌరహక్కులకూ, దూమా అనే చట్టసభకూ మాటిచ్చాడు. ఆ మార్పు చిన్నదేమీ కాదు. కానీ 1906 నాటి కొత్త మూల చట్టాల్లో ‘హద్దుల్లేని’ అన్న మాట తీసేసి, ‘నిరంకుశ’ అన్న మాట ఉంచేశారు. దూమా సమావేశాలు లేనప్పుడు ప్రభుత్వమే చట్టాలు చేసుకునే వీలు 87వ అధికరణం ఇచ్చింది. మొదటి దూమా మూడు నెలలైనా నిండకుండా రద్దయింది. రెండోదాన్ని 1907 జూన్‌లో రద్దు చేసి, భూస్వాముల బలం పెరిగేలా ఎన్నికల చట్టాన్ని జార్ ఒంటిచేత్తో మార్చేశాడు. ఇలా తమకు అనుకూలంగా మలచుకున్న మూడో దూమా అయిదేళ్లూ నడిచిందంటే ఆశ్చర్యమేముంది? అదైనా మంత్రుల్ని తొలగించలేదు, నిలబెట్టలేదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. పరిశ్రమలు పెరుగుతున్నాయి, చదువు వ్యాపిస్తోంది, ప్రపంచ యుద్ధమే రాకపోతే సామ్రాజ్యం నిలిచేదే అంటారు. యుద్ధం జర్మనీ, ఆస్ట్రియా చక్రవర్తుల్నీ కూల్చిన మాట నిజమే. అయితే వాళ్లు ఓటమి ఖాయమయ్యాక పడిపోయారు. జార్ మాత్రం సైన్యం ఇంకా యుద్ధరంగంలో నిలిచి ఉండగానే, రాజధానిలో తలెత్తిన తిరుగుబాటుతో పడిపోయాడు. బ్రిటన్, ఫ్రాన్స్‌లలో యుద్ధం సరిగా సాగనప్పుడు ప్రధానులు మారారు, జనం కోపం వాళ్లతో పోయింది. రష్యాలో ఆ వీలును జార్ చేజేతులా వదులుకున్నాడు. 1915 ఆగస్టులో దూమాలో అధిక సంఖ్యాకులు ఒక కూటమి కట్టి, రాచరికాన్ని వదులుకోమని కాదు, జనం విశ్వాసం ఉన్న మంత్రులను నియమించమని మాత్రమే అడిగారు. జార్ దూమాను మూయించాడు. సైన్యానికి తానే అధిపతినవుతానంటే, ఓటములన్నీ మీ తలకే చుట్టుకుంటాయని మంత్రుల్లో పలువురు లేఖ రాసి వేడుకున్నా వినకుండా మొగిలేవ్‌లోని సైనిక కేంద్రానికి వెళ్లిపోయాడు. తర్వాతి ఏడాదిన్నరలో రాణి, ఆమె నమ్మిన సాధువు రాస్పుటిన్‌ల మాట చెల్లుబాటవుతుండగా నలుగురు ప్రధానులు, అయిదుగురు హోంమంత్రులు మారారు.

నికోలస్ బలహీనుడు, అతని తండ్రి మూడో అలెగ్జాండర్ లాంటి గట్టివాడుంటే నెట్టుకొచ్చేవాడనే వాళ్లూ ఉన్నారు. కరువునాడు చేతులెత్తేసిన ప్రభుత్వం ఆ గట్టి తండ్రిదే. పైగా ఆసరా ఇచ్చే వ్యవస్థ ఏదీ లేకుండా ప్రతి తరంలోనూ సమర్థుడే పుట్టాలని కోరుకునే రాజ్యంలో, అసమర్థుడు పుడితే నేరం ఒక్క అతనిదే ఎలా అవుతుంది?

1917లో, పాత రష్యన్ క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 23న, రాజధాని పెట్రోగ్రాడ్‌లో మహిళా కార్మికులు రొట్టె కోసం వీధికెక్కారు. నాలుగు రోజుల్లో నగర సైనికులు వాళ్ల పక్షం చేరారు. రాజధానిని అణచడానికి జార్ పంపిన బలగం పోరాడకుండానే వెనుదిరిగింది. మార్చి 2న ప్‌స్కోవ్ స్టేషన్‌లో ఆగిన రైలులో, తన సేనాధిపతులే దిగిపొమ్మని టెలిగ్రాములు పంపాక, నికోలస్ సంతకం పెట్టి తమ్ముడు మిఖయీల్‌కు సింహాసనం అప్పగించాడు. ఎన్నికైన రాజ్యాంగ సభ కోరితే తప్ప దాన్ని స్వీకరించనని మిఖయీల్ మర్నాడే ప్రకటించాడు. 304 ఏళ్ల రొమానోవ్ పాలన అక్కడితో ముగిసింది.