ఇంట్లో నిప్పు ఎక్కడుంది?

1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, వైట్‌వాటర్ ఊళ్ళో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. చలికాలంలో ఆయన పాఠం చెబుతుంటే బంట్రోతు గంటకోసారి తలుపు తోసుకొచ్చి గోడకున్న థర్మామీటర్ చూసేవాడు. తరవాత నేలమాళిగలోని పొయ్యికి గాలి వదిలే మూతను తెరిపించడమో మూయించడమో అతని పని. ఈ రాకపోకలతో మాస్టారికి విసుగు పుట్టింది. గదిలో చలి ఎక్కువైనా వేడి ఎక్కువైనా కింద గంట మోగి కబురందించే విద్యుత్ పరికరం తయారుచేసి, ఆ ఏడాదే పేటెంట్ తీసుకున్నాడు. రెండేళ్ళకి మిల్వాకీలో ఆయన మొదలుపెట్టిన సంస్థే నేటి జాన్సన్ కంట్రోల్స్.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ ఇంకో అడుగు ముందుకేశాడు. గంట మోగించి మనిషిని పిలవడం దేనికి, మూతను మోటారే ఎత్తి దించితే సరిపోతుంది కదా అనుకున్నాడు. బొగ్గు పొయ్యి తలుపును దానంతటదే కదిలించే ఆ యంత్రం నుంచి పుట్టుకొచ్చిన కంపెనీని ఇప్పుడు హనీవెల్ అంటున్నాం. ఆ కంపెనీ కోసం హెన్రీ డ్రెఫస్ రూపకల్పన చేసిన, ఇంటి వేడిని అదుపుచేసే గుండ్రటి థర్మోస్టాట్ 1953లో మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్ళకి గోడ మీద అది ఇప్పటికీ కనిపిస్తుంటుంది. దాని లోపలి గాజుబుడ్డిలో పాదరసం ఉంటుంది. స్మార్ట్ థర్మోస్టాట్ బిగించుకుని పాతదాన్ని చెత్తబుట్టలో పడేయకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి.

బయటినుంచి వణుకుతూ వచ్చి థర్మోస్టాట్‌ని ఏకంగా 80 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. అలా పెట్టినంత మాత్రాన ఇల్లు తొందరగా వేడెక్కదు. ఇంటిని వేడిచేసే పొయ్యి, అంటే మామూలు ఫర్నేస్‌కి తెలిసిన ఆజ్ఞలు రెండే: వెలుగు, ఆరు. 70కి పెట్టినా 80కి పెట్టినా అది మండేది ఒకే మంట. కాకపోతే 80 చేరేదాకా ఆరకుండా మండి, బిల్లు పెంచి, చివరికి అందరిచేతా స్వెట్టర్లు విప్పిస్తుంది. దీనికి ఉల్టాగా, రోజుకి ఎనిమిది గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించి పెట్టుకుంటే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క.

మారిస్‌టౌన్ ఆలిస్

ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డులో దోసె తినే తెలుగువాళ్ళకి న్యూజెర్సీలోని మారిస్‌టౌన్ గంటలోపు ప్రయాణం. ఆ ఊరి నల్లజాతి మహిళ ఆలిస్ పార్కర్‌కి 1919 డిసెంబర్ 23న గ్యాస్‌తో నడిచే ఇంటి ఫర్నేస్‌కి పేటెంట్ దక్కింది. ఇళ్ళలో కట్టెలూ బొగ్గూ మోస్తున్న కాలమది. వేర్వేరు బర్నర్లు, వాటికి వేర్వేరు అదుపు, గదిగదికీ వేడిగాలి తీసుకుపోయే గొట్టాలు ఆమె నమూనాలో ఉన్నాయి. ఇప్పుడు పైఅంతస్తుకి ఒకటీ కిందికి ఒకటీ థర్మోస్టాట్ పెట్టుకుని 'రెండు జోన్ల ఇల్లు' అని చెప్పుకుంటున్నాం కదా, ఆ ఆలోచన ఆమె గీసిన బొమ్మల్లో అప్పటికే ఉంది. ఆమె జీవితం గురించి దొరికే వివరాలు చాలా తక్కువ. ఇంటర్నెట్‌లో ఆమెవని తిరిగే ఫొటోలు కూడా ఆమెవి కావు.

లెనాక్స్ పేరు చాలా ఫర్నేస్‌ల మీద కనిపిస్తుంది. అయోవాలోని మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ అనే యంత్రకారుడు 1895లో ఉక్కు రేకులకు రివెట్లు కొట్టి ఫర్నేస్ చేశాడు. అంతకుముందటి పోత ఇనుప ఫర్నేస్‌లు వేడికి వంగి, అతుకుల్లోంచి పొగ వదిలేవి. కొన్నేళ్ళకే ఆయన ఆ వ్యాపారాన్ని ఊరి పత్రికాధిపతికి అమ్మేశాడు. మనిషి పోయినా పేరు మాత్రం రేకు మీద నిలిచిపోయింది.

వెలగదు, వెలిగినా నిలవదు

ఒక అగ్గిపుల్ల పూర్తిగా కాలితే వచ్చే వేడి సుమారుగా ఒక బీటీయూ. అంటే 80,000 బీటీయూ ఫర్నేస్ గంటకి ఎనభై వేల అగ్గిపుల్లల పెట్టు. అయినా అది వెలిగే తీరులో తొందరపాటు కనిపించదు. థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఒక చిన్న ఫ్యాను తిరిగి పొగగొట్టంలోకి గాలిని లాగుతుంది. పొగ పోయే దారి తెరిచే ఉందని ప్రెజర్ స్విచ్ సాక్ష్యం చెప్పాలి. అప్పుడు ఇగ్నైటర్ ఎర్రబారుతుంది, ఆ పైన గ్యాస్ విడుదలవుతుంది, మంట అంటుకుంటుంది. ఇంకాసేపటికి పెద్ద బ్లోవర్ తిరిగి గదుల్లోకి వేడిగాలి వస్తుంది. ఈ వరసలో ఏ ఒక్కరు 'ఊఁ' అనకపోయినా పని ఆగిపోతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది మంటను కనిపెట్టే పద్ధతి. మంట గుండా కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తుంది. బర్నర్ ముందు నిలబెట్టిన సన్నని లోహపు కడ్డీ, ఫ్లేమ్ సెన్సర్, ఆ మైక్రో ఆంపియర్ల ప్రవాహాన్ని పట్టుకుని 'మంట ఉంది' అని బోర్డుకి చెబుతుంది. కడ్డీ మీద పొర పేరుకుంటే కరెంటు అందదు. కళ్ళెదుట మంట మండుతున్నా బోర్డు నమ్మదు, కొన్ని సెకన్లలో గ్యాస్ కట్టేస్తుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది, మళ్ళీ కట్టేస్తుంది, చివరికి మొండికేస్తుంది. 'వెలుగుతోంది, వెంటనే ఆరిపోతోంది' అనే ఫిర్యాదుల వెనుక తరచూ ఉండేది ఈ మసిపట్టిన కడ్డీయే. కరెంటు ఆపి, ఒక్క స్క్రూ తీసి, సన్నటి స్టీల్ ఊల్‌తో తుడిస్తే సరిపోయే పని అది. పక్కనే ఉండే ఇగ్నైటర్‌ని మాత్రం వేళ్ళతో ముట్టుకోకూడదు. అది పెళుసు, పైగా చేతి జిడ్డంటితే త్వరగా పాడవుతుంది.

టెక్నీషియన్‌కి ఫోన్ చేసే ముందు చూడదగ్గవి ఇంకా ఉన్నాయి. బోర్డు మీద చిన్న దీపం లెక్క ప్రకారం మిణుకుతుంటుంది. ఎన్నిసార్లు మిణికితే ఏ జబ్బో తెలిపే పట్టిక సాధారణంగా ఫర్నేస్ తలుపు లోపలివైపే అంటించి ఉంటుంది. ఆ తలుపు సరిగ్గా బిగియకపోతే దాని వెనుక స్విచ్ నొక్కుకోదు, యంత్రం కదలదు. ఫర్నేస్ పక్కన ఇంకో స్విచ్ ఉంటుంది, చూడ్డానికి అచ్చం లైటు స్విచ్‌లాగే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు బేస్‌మెంట్లోంచి పైకొస్తూ, అలవాటుగా కనబడ్డ స్విచ్చల్లా కట్టేస్తే ఆ రాత్రి ఇల్లంతా రగ్గులు కప్పుకోవాల్సిందే.

ఫిల్టర్ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మార్చరు. దుమ్ముతో అది మూసుకుపోతే గాలి ఆడక లోపలి వేడి హద్దు దాటుతుంది, లిమిట్ స్విచ్ మంటను ఆర్పేస్తుంది. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ని ఒకటి నుంచి మూడు నెలల్లో మార్చాలి. వేసేటప్పుడు అట్ట మీది బాణం ఫర్నేస్ వైపు చూడాలి.

వాడని గదుల్లో వేడిగాలి వచ్చే వెంట్లు మూసేయడం మనవాళ్ళకి మహా ఇష్టం. ఖాళీ గదిలో ఫ్యాను కట్టే సంస్కారం అది. కానీ బ్లోవర్ తోసే గాలి ఎటూ పోలేక గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది, అతుకుల్లోంచి కారుతుంది, ఫర్నేస్ వేడెక్కి ఆరుతుంది. ఆదా అనుకున్నది ఆదా కాదు. కొత్త యంత్రం పెట్టించేటప్పుడు 'కాస్త పెద్దదే వేయండి' అనడం కూడా ఇదే కోవలోది. పెద్ద ఫర్నేస్ క్షణాల్లో వేడిచేసి ఆగిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. గదికో రకంగా ఉంటుంది, యంత్రమూ అరుగుతుంది. కిటికీలు, గోడల ఇన్సులేషన్, ఊరి చలి లెక్కగట్టి పరిమాణం తేల్చే 'మాన్యువల్ జె' అనే పద్ధతి ఉంది. ఆ లెక్క వేయకుండా పాతదాని స్టిక్కర్ చూసి ధర చెప్పేవాడిని నేనైతే రెండోసారి పిలవను.

మంచు కురిసే ఊళ్ళలో తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు ఇంటి పక్కగోడలోంచి బయటికి పొడుచుకు వస్తాయి. 90 శాతానికి మించిన సామర్థ్యంగల ఫర్నేస్‌లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా పిండుకుంటాయి. మిగిలే పొగ ప్లాస్టిక్‌ని కూడా కరిగించలేనంత చల్లగా ఉంటుంది. తుఫాను మర్నాడు హీట్ రాకపోతే మొదట చూడాల్సింది ఆ గొట్టాల నోళ్ళు మంచులో కూరుకుపోయాయేమోనని.

వాసన లేని శత్రువు

ఆదిలాబాద్, లంబసింగి వైపు చలికి కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకునే ఇళ్ళకీ, షికాగోలో ఫర్నేస్ ఉన్న ఇంటికీ ఉమ్మడి ప్రమాదం ఒకటుంది: కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతులు, మగత కలిగితే ఫ్లూ అనుకుంటారు. బయటికి వెళ్ళగానే తగ్గి, ఇంటికి రాగానే మళ్ళీ మొదలైతే అనుమానించాల్సింది ఫర్నేస్‌నే. దీన్ని పసిగట్టే అలారాలకి ఆయుష్షుంటుంది. రకాన్ని బట్టి అయిదు నుంచి పదేళ్ళలో మార్చాలి, తేదీ వెనకవైపు రాసి ఉంటుంది.

వంటగ్యాస్‌కి ఉన్న కంపు మాత్రం కావాలని కలిపిందే. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ ఊరి బడిలో లీకైన గ్యాస్ పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ గ్యాస్‌కి వాసన లేకపోవడంతో ఎవరూ పసిగట్టలేదు. ఆ ఘోరం తరవాతే టెక్సాస్‌లో వాసన కలపడం తప్పనిసరైంది, మిగతాచోట్లకీ పాకింది. మన సిలిండర్ లీకైతే ముక్కుకి తగిలే కుళ్ళు కంపూ అలా కలిపిన మెర్‌కాప్టాన్ అనే రసాయనాల జాతిదే. ఇంట్లో ఆ వాసన వస్తే స్విచ్చేదీ వేయకూడదు, తీయకూడదు. బయటికి నడిచి, అక్కడినుంచి ఫోన్ చేయాలి.

చట్టం ప్రకారం వెచ్చదనం

న్యూయార్క్‌లో అద్దె ఇంటికి వెచ్చదనం హక్కు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకు బయట 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రిపూట బయట ఎలా ఉన్నా 62 ఉండాల్సిందే. అయినా పాత భవనాల్లో వేడి భరించలేక జనవరిలో కిటికీలు తెరిచి పడుకునేవాళ్ళు కనిపిస్తారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా తరవాత స్వచ్ఛమైన గాలి కోసం కిటికీ తెరిచే ఉంచమని వైద్యాధికారులు నూరిపోశారు. ఆనాటి ఇంజినీర్లు, కిటికీలు తెరిచిఉన్నా గది వెచ్చగా ఉండేలా బాయిలర్లూ రేడియేటర్లూ పెద్దవి పెట్టారు. ఆ రేడియేటర్లు ఇంకా పనిచేస్తున్నాయి. ఒకే గొట్టం ఉన్న ఆవిరి రేడియేటర్‌కి కొళాయి పూర్తిగా తెరవాలి లేదా పూర్తిగా కట్టాలి. సగం తిప్పితే ఆవిరీ నీళ్ళూ ఒకే దారిలో కొట్టుకుని అర్ధరాత్రి సుత్తి దెబ్బలు వినిపిస్తాయి.

నేలకింద వేడి ఆలోచన మాత్రం చాలా పాతది. రోమన్లు స్నానశాలల నేలను ఇటుక స్తంభాల మీద ఎత్తి కింద వేడిగాలి పంపేవారు, కొరియావాళ్ళు పొయ్యి పొగనే గది కిందినుంచి నడిపించి ఓండోల్ అన్నారు. మన కశ్మీర్ హమామ్‌లో రాతిపలకల కింద కట్టెలు మండుతాయి. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఇంపీరియల్ హోటల్ పనిమీద ఉన్నప్పుడు ఒక ధనికుడి ఇంటి కొరియా గదిలో కూర్చుని అబ్బురపడ్డాడు. ఆ తరవాత 1937లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో కట్టిన జేకబ్స్ ఇంటి నేలలో గొట్టాలు పరిచాడు.

మంట లేని వేడి

నిప్పు గది నడుమనుంచి గోడకి, గోడనుంచి నేలమాళిగకి జరిగింది. హీట్ పంప్‌తో ఇంట్లోంచే వెళ్ళిపోయింది. అది తిరగేసిన ఫ్రిజ్: బయటి చలిగాలిలో మిగిలున్న వేడిని లాగి లోపల వదులుతుంది. ఒక యూనిట్ కరెంటుకి రెండు నుంచి నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. దీన్ని లార్డ్ కెల్విన్ 1852లోనే ఊహించాడు. 1938లో జూరిక్ నగర సభాభవనం లిమ్మాట్ నదినీళ్ళలోంచి వేడి తోడుకుంది.

అట్లాంటా, షార్లెట్ వైపు కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళని ఇది మొదటి చలికాలంలో హడలగొడుతుంది. బయటి యూనిట్ నుంచి గుప్పున పొగలాంటిది లేస్తుంది. అది నిప్పూ కాదు పొగా కాదు, తన మీద పేరుకున్న మంచును యంత్రమే కరిగించుకుంటుంటే వచ్చే ఆవిరి. థర్మోస్టాట్ మీద 'ఆక్స్ హీట్' అని కనపడితే మాత్రం పట్టించుకోవాలి, బిల్లు పెంచే విద్యుత్ తీగలు వెలుగుతున్నాయని అర్థం. హీట్ పంప్ ఉన్న ఇంట్లో రాత్రి బాగా తగ్గించి పొద్దున ఒక్కసారిగా పెంచితే అవే వెలుగుతాయి. పైన చెప్పిన ఆదా సూత్రం ఇక్కడ బెడిసికొడుతుంది.

వేడి ఆగితే ఇంటికే ముప్పు. 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలిలో టెక్సాస్‌లో కరెంటు పోయి, అటకల మీది నీటి గొట్టాలు పగిలి, డాలస్‌లో ఎన్నో ఇళ్ళు తడిసిపోయాయి. మంచు బిరడాకీ మూసిన కొళాయికీ మధ్య నీళ్ళు ఇరుక్కుంటే ఆ ఒత్తిడికి గొట్టం చీలుతుంది. గడ్డకట్టే రాత్రి కొళాయిని సన్నగా కారనివ్వమనేది అందుకే.

చలికాలం ఇంటి గాలి ఎడారిలా ఎండిపోవడానికీ లెక్కుంది. 0 డిగ్రీల సెల్సియస్‌లో గాలి ఘనమీటరుకి సుమారు 4.8 గ్రాముల ఆవిరికి మించి మోయలేదు. అదే గాలిని 21 డిగ్రీలకు వేడిచేస్తే 18 గ్రాములు మోయగలదు, కానీ ఉన్నది ఆ 4.8 గ్రాములే. తేమ పాతిక శాతం చిల్లరకి పడిపోతుంది. పెదవులు పగలడం, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనడం దాని ఫలితాలే.

రాత్రి 62 ఫారెన్‌హీట్‌కి తగ్గించిన ఇంట్లో ఇడ్లీ పిండి పొంగదు. అంటే సుమారు 17 సెల్సియస్‌లో సూక్ష్మజీవులు బద్ధకిస్తాయి. తెలుగు ఇళ్ళు కనిపెట్టిన విరుగుడు, గిన్నెను ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి ఉంచడం. పాతరకం ఫిలమెంట్ బల్బు అయితేనే ఇది పారుతుంది. ఎల్ఈడీ అయితే వెలుతురే తప్ప వేడి రాదు. ఓవెన్ తలుపుకి 'లోపల పిండి ఉంది, ప్రీహీట్ నొక్కొద్దు' అని చీటీ అంటించడం మాత్రం ఏ బల్బుకైనా తప్పదు.